కుట్టారో అంటించారో చెప్పి అమ్మండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో పుస్తకాల మీద సమీక్షలు వస్తుంటాయి, నేను వదలకుండా చదువుతా. కథ ఎలా ఉంది, భాష ఎలా ఉంది, ముఖచిత్రం ఎవరు వేశారు, అచ్చుతప్పులు ఎన్ని ఉన్నాయి, అన్నీ రాస్తారు. ఆ పుస్తకం పదిసార్లు తెరిస్తే నిలబడుద్దా ఊడిపోద్దా అనేది మాత్రం ఇంతవరకు ఒక్క సమీక్షలో కూడా చూడలేదు. ఈ ఉత్తరం దాని గురించే, కాస్త పొడుగైంది, కత్తిరించాల్సొస్తే మీ ఇష్టం కానీ మార్జిన్ వదిలి కత్తిరించండి (ఎందుకంటున్నానో చదివితే తెలుస్తుంది).

పోయిన నెల ఒక లావుపాటి పుస్తకం కొన్నా. గట్టి అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు, గుర్తు పెట్టుకోడానికి లోపల ఎర్ర రిబ్బను కూడా ఉంది. మూడో రోజు సరిగ్గా మధ్యలో తెరిచి బల్ల మీద పెట్టి అరచేత్తో కొంచెం అదిమా, అంతే, ఠప్ మని చప్పుడు, వెన్ను నిలువునా పగిలింది. ఆ పగులులోంచి లోపలి గమ్ము ఎండిపోయి పసుపు గీతలా కనపడుతోంది. వారం తిరిగేసరికి ఆ పక్కనున్న కాగితాలు ఒక్కోటీ పండుటాకుల్లా చేతిలోకి రావడం మొదలుపెట్టాయి. పై అట్టకేం, దుక్కలా ఉంది.

హార్డ్ బౌండ్ అనే మాట చూడగానే మనం అది కుట్టిన పుస్తకం అనుకుంటాం. కాదండీ. ఆ మాటకి అర్థం అట్ట గట్టిదని, అక్కడితో సరి. లోపల ఏం చేశారనేది వేరే సంగతి. అచ్చయిన పెద్ద షీటుని మడిస్తే ఒక ఫారం అవుద్ది, మామూలుగా 16 పేజీలు, ఒక్కోచోట 8, ఒక్కోచోట 32. ఆ మడత మధ్యలోంచి దారం పోయి, బయటికొచ్చి, పక్క ఫారాన్ని కూడా పట్టుకుంటే అది కుట్టు. ఒక కాగితాన్ని లాగాలంటే దానికి అవతలి సగం, దాని చుట్టూ ఉన్న మిగతా కాగితాలు, దారం, అన్నీ కలిసి అడ్డం పడతాయి. అంటించే పద్ధతిలో ఏం చేస్తారంటే ఫారాలన్నీ పేర్చి ఆ మడతల్నే మిషన్ మీద ఓ రెండు మూడు మిల్లీమీటర్లు కోసి పారేస్తారు, అంచుని గరుకు చేస్తారు, కరిగిన వేడి గమ్ము రాసి కవరు తొడిగేస్తారు. ఇప్పుడు ఏ కాగితానికి ఆ కాగితమే, తోడు ఎవరూ లేరు, మిల్లీమీటరులో పదో వంతు మందమున్న అంచు ఒక్కటే గమ్ముని పట్టుకుని వేలాడుతోంది. దీని పేరు పర్‌ఫెక్ట్ బైండింగ్. పేరు పెట్టినాయనకి ఓ దండం.

ఆ వేడి గమ్ము ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుద్ది, చలికి ఇంకా పెళుసవుద్ది. నున్నటి ఆర్టు పేపరైతే మరీ ఘోరం, గమ్ము కాగితపు పీచుని పట్టుకోకుండా పైనున్న పూతని పట్టుకుంటుంది, పూత లేచిపోతే కాగితం కూడా దాంతోపాటే.

నేను గమ్ముకి శత్రువుని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఒకసారి చదివి ఎవరికో ఇచ్చేసే పుస్తకానికి కుట్టు ఎందుకు? ఇప్పుడు పీయూఆర్ అని ఇంకో రకం గమ్ము వాడుతున్నారు, అది పాతదానికన్నా చాలా నయం, సాగుద్ది, చలికీ వేడికీ తట్టుకుంటుంది. మిషన్ మీద కుట్టినా నాకు సంతోషమే, మిషన్ కుట్టు కూడా మడతలోంచి పోయే కుట్టే కదా. నా గోలంతా నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు, వంద సార్లు తెరిచి మూసే పుస్తకాలు, మన తర్వాతి వాళ్లకి ఇద్దామనుకునే పుస్తకాలు, వీటిని కూడా ఊడిపోయేలా చేసి, పైన గట్టి అట్ట తొడిగి, లోపలి సంగతి చెప్పకుండా అమ్మడం గురించి.

నాకీ పిచ్చి ఎలా పట్టిందో చెప్తా. మా నాన్న దగ్గర ఒక నిఘంటువు ఉండేది. దాన్ని ఆయన చదివిన తీరు వేరు, మాట వెతకడానికి తెరిచి గంట సేపు అందులోనే ఉండిపోయేవారు, మార్జిన్లో సన్నటి పెన్సిల్‌తో ఏవేవో రాసుకునేవారు, ఈ మాటకి ఫలానా అర్థం కూడా విన్నాను అనీ, ఇది తప్పు అనీ. ఆయన పోయాక దాని అట్ట ఊడిపోయి, చివరి ఫారాలు వేలాడుతుంటే నేనే తీసుకెళ్లి బైండింగ్‌కి ఇచ్చా. నాలుగు రోజులకి తిరిగొచ్చింది. కొత్త అట్ట, మూలలకి గుడ్డ, మూడు పక్కలా కట్టింగ్ మిషన్‌లో పెట్టి గీత గీసినట్టు కోసిన అంచులు. చేసినాయన ఎంత మురిసిపోతూ చూపించాడో! నేను తెరవబోతే అది తెరుచుకోదు. వెన్ను పక్క నుంచి తూట్లు పొడిచి పైనుంచి కిందకి కుట్టేశాడు, లోపలి మార్జిన్ అంతా ఆ కుట్టే మింగేసింది, రెండు బొటనవేళ్లతో బలంగా విడదీస్తే తప్ప లోపలి వరస అక్షరాలు కనపడవు. అంచులు కోయడంలో బయటి మార్జిన్ కూడా పోయింది, నాన్న రాసిన ప్రతి లైనుకీ చివరి రెండు మూడు అక్షరాలు లేవు.

ఆయన్ని అని ఏం లాభం, లెక్కల పుస్తకాలకి చేసినట్టే దీనికీ చేశాడు, అలా చేయొద్దని నేను చెప్పలేదు, చెప్పాలని నాకప్పుడు తెలియదు.

తర్వాత చాలా ఏళ్లకి, ఉద్యోగం అయిపోయాక, ఈ పని చేత్తో చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నా. మొదటి నెలంతా కాగితం మడవడమే. చేత్తో మడిచి, ఎముకతో చేసిన బద్దతో మడత మీద ఒక్కసారి, ఒకే ఒక్కసారి రాయాలి, రెండోసారి రాస్తే కాగితం మెరుపొస్తుంది. తర్వాత దబ్బనంతో మడతలో అయిదు రంధ్రాలు, అన్ని ఫారాలకీ ఒకే ఎత్తులో, ఒక్కటి జరిగినా ఆ ఫారం పళ్ల వరసలో వంకర పన్నులా పైకి కనపడుద్ది. దారానికి తేనెమైనం పట్టించాలి, చిక్కు పడకుండా, జారి వదులు కాకుండా. కుడుతున్నప్పుడు నేను దారాన్ని నా వైపుకి గుంజుతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "అట్టా గుంజకమ్మా, కాగితం కోసుకుపోద్ది. దారం ఎటు పోతందో అటే లాగు, వెన్ను వెంబడే, నీ మీదకి కాదు." చూడ్డానికి చిన్న విషయం. నేను గుంజిన ఫారం మడతలో అప్పటికే వెంట్రుకంత చీలిక వచ్చేసింది. ఒక ఫారం అయ్యాక చివర దాని కింద ఫారం కుట్టులోకి సూది దూర్చి ఒక ముడి లాంటిది వేస్తాం, పుస్తకం పైన కింద ఫారాలు విడిపోకుండా పట్టుకునేది ఆ గొలుసే.

కొన్నాళ్లకి ధైర్యం చేసి నాన్న నిఘంటువు విప్పా. మా అదృష్టం, అప్పుడు బైండింగ్ చేసినాయన వెన్ను కోయలేదు, పక్క నుంచి కుట్టాడంతే, కాబట్టి మడతలు చిరిగినా మిగిలున్నాయి. 58 ఫారాలు. చిరిగిన ప్రతి మడతకీ జపాన్ టిష్యూ అనే పల్చటి కాగితం, మల్బరీ జాతి చెట్టు పీచుతో చేస్తారు, ఉల్లిపొరలా ఉంటుంది, దాన్ని సన్నటి పట్టీల్లా చింపి (కత్తెరతో కోయకూడదు, చింపితేనే అంచు పీచు కాగితంలో కలిసిపోద్ది) అంటించుకుంటూ పోయా. రెండున్నర నెలలు పట్టింది. ఆ తర్వాత కుట్టడం మొదలుపెట్టి, గట్టిగా ఉండాలనే ఆత్రంలో లావు దారం తీసుకున్నా. ఇరవై ఫారాలు అయ్యేసరికి వెన్ను వైపు ఇంత ఎత్తు, అంచు వైపు అంత పల్చన, వాలుబల్లలా తయారైంది. ప్రతి ఫారంలోనూ ఒక పోగు దారం ఉంటుంది కదా, ఫారాలు ఎక్కువైతే ఆ పోగుల మందమే వెన్ను వైపు పేరుకుంటుంది. కొంచెం ఉబ్బు అవసరమే, దాన్నే సుత్తితో మెల్లగా తట్టి వెన్నుని గుండ్రంగా తెస్తారు, పాత పుస్తకాల వెన్ను గుండ్రంగా ఉండేది అందం కోసమే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. నాది కొంచెం ఉబ్బు కాదు. మొత్తం విప్పి సన్న దారంతో మళ్లీ మొదలు.

కాగితానికి వాలు ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. కాగితం తయారయ్యే మిషన్‌లో పీచు ఎక్కువగా ఒక దిక్కుకే సర్దుకుంటుంది, చెక్కకి ఉన్నట్టే. వాలు వెంబడి చింపితే దాదాపు తిన్నగా చిరుగుద్ది, అడ్డంగా చింపితే వంకరటింకరగా పోద్ది. తడి తగిలితే కాగితం వాలుకి అడ్డంగానే ఎక్కువ సాగుద్ది. కాబట్టి వాలు వెన్నుకి సమాంతరంగా ఉండాలి, పుస్తకం పైనుంచి కిందకి. అడ్డంగా ఉన్న కాగితం మీద అచ్చేసి వెన్నుకి గమ్ము రాస్తే ఆ తడికి కాగితం సాగాలని చూస్తుంది, వెన్ను దగ్గర సాగనివ్వదు, దాంతో లోపల అలలు అలలుగా లేస్తుంది, పుస్తకం తెరిచి వదిలితే చటుక్కున మూసుకుంటుంది. మీ దగ్గర అలా మూసుకునే పుస్తకం ఉంటే ఒక కాగితాన్ని నిలువునా అడ్డంగా మెల్లగా వంచి చూడండి, ఏ వంపు తేలిగ్గా వస్తే ఆ వంపు గీత వెంబడే వాలు. ఇదంతా చేత్తో చేసేవాళ్లకి మాత్రమే పట్టే చాదస్తం అనుకోకండి, ప్రెస్సులో షీటు ఎటు తిప్పి పెట్టాలనేది ముందే ఆలోచిస్తే పైసా ఖర్చు లేకుండా అయిపోయే పని.

అట్ట వంకర కూడా అంతే. అట్టకి బయట గుడ్డ అంటించగానే అది ఆరేటప్పుడు బయటికి లాగుద్ది, లోపల కాగితం అంటిస్తే అది లోపలికి లాగుద్ది, ఇద్దరి లాగుడూ సమానమైతే అట్ట తిన్నగా ఉంటుంది.

ఇక జిగురు. మైదా నీళ్లలో కలిపి సన్న సెగ మీద గరిట ఆపకుండా తిప్పుతూ ఉడికిస్తే తెల్లగా ఉన్నది కాసేపటికి గాజులా నిగనిగలాడుద్ది, చల్లారాక జల్లెడ పడితే అదే జిగురు. నిదానంగా ఆరుద్ది, అంటించాక కూడా జరిపి సరిచేసుకోవచ్చు, అన్నిటికన్నా ముఖ్యం ఎన్నేళ్లయినా తడి చేస్తే విడుద్ది. తెల్ల గమ్ము త్వరగా ఆరుద్ది, గట్టిది, ఒకసారి ఆరాక విడదీయాలంటే కాగితం కూడా వస్తుంది. పెద్దాయన తెల్ల గమ్ము కొత్త పుస్తకాలకి వాడేవారు కానీ పాతవాటి కాగితం మీద పడనిచ్చేవారు కాదు. "మన తర్వాత ఇంకోడు విప్పాలి కదమ్మా" అనేవారు.

పుస్తకాన్ని నిలబెట్టేది జిగురు కాదు, దారమే అనడానికి పెద్ద రుజువు ఇటలీలో దొరికింది. 1966 నవంబర్ 4న ఫ్లోరెన్స్‌లో నదికి వరదొచ్చి అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదలో మునిగాయి. వాటిని బాగు చేయడానికి వేరే దేశాల నుంచి కూడా బైండర్లు వెళ్లారు, అందులో క్రిస్టఫర్ క్లార్క్‌సన్ అనే బ్రిటిష్ ఆయన ఒక సంగతి గమనించాడు. బాగా తట్టుకున్నవి పెద్ద పెద్ద అలంకారాలున్న పుస్తకాలు కాదు, కొన్ని వందల ఏళ్ల కిందటి సాదా పుస్తకాలు. కాగితంలా పల్చగా చేసిన మెత్తటి తోలు కవరు, మంచి కుట్టు, జిగురు దాదాపు లేదు. జిగురు మీద ఆధారపడకుండా దారమే పుస్తకాన్ని పట్టుకుంది కాబట్టి నీళ్లు కరిగించడానికి పెద్దగా ఏమీ లేకపోయింది.

అంతకన్నా పాతది, సెయింట్ కత్‌బర్ట్ గాస్పెల్ అని అరచేతిలో పట్టేంత పుస్తకం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎనిమిదో శతాబ్దం మొదట్లో చేసింది. కత్‌బర్ట్ అనే క్రైస్తవ సాధువు శవపేటికలో దాన్ని పెట్టారు, 1104లో పేటిక తెరిస్తే బయటపడింది. మొదట వేసిన బైండింగ్‌తోనే చెక్కుచెదరకుండా మిగిలిన యూరప్ పుస్తకాల్లో అదే అతి పాతది. అంటే పదమూడు వందల ఏళ్లుగా ఆ దారమే పట్టుకుని ఉంది. నా ఎర్ర రిబ్బను పుస్తకం మూడు రోజులు.

అసలు గ్రంథం అనే మాటలోనే కట్టడం ఉంది, ముడికి గ్రంథి అంటాం కదా, అదే ధాతువు. పాత రాతప్రతుల చివర లేఖకులు రాసే ఒక శ్లోకం ఉంది, పుస్తకమే మాట్లాడుతున్నట్టు ఉంటుంది: నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకు అని. నూనె, నీళ్లు, మూర్ఖుడు, ఈ మూడూ చదివేవాడి చేతిలోవి. శిథిల బంధనం మాత్రం చేసినవాడి చేతిలోది. మన దగ్గర పుస్తకం పాడైతే తప్పెప్పుడూ చదివినవాడిదే, జాగ్రత్త లేదంటారు, పిల్లలైతే రెండు తగిలిస్తారు కూడా.

ఈ పని మీద చిన్నచూపు ఒకటి. మా బంధువొకాయన "చదువుకున్నదానివి, ఈ వయసులో అట్టలంటించడమేంటి" అన్నారు. మైఖేల్ ఫారడే 1805లో మొదలుపెట్టి ఏడేళ్లు బైండింగ్ షాపులోనే పని నేర్చుకున్నాడండీ, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలు చదివే సైన్సులో పడ్డాడు. 1812లో హంఫ్రీ డేవీ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసాలు విని నోట్సు రాసుకుని, బొమ్మలు వేసి, తనే బైండు చేసి డేవీకే పంపాడు, మరుసటేడు ఆయన దగ్గరే ఉద్యోగం దొరికింది. అంటే దరఖాస్తు కూడా చేత్తో కట్టి పంపాడన్నమాట. ఈ కథ చెప్తే మా బంధువు "అయితే నువ్వేం కనిపెడతావు ఇప్పుడు" అన్నారు, అది వేరే విషయం.

సరే, అసలు అడగాలనుకున్నది. ప్రచురణకర్తలు పుస్తకం రెండో పేజీలో ఎన్నో ప్రచురణ, ఎన్ని ప్రతులు, ప్రెస్సు ఎవరు, హక్కులు ఎవరివి, అన్నీ వేస్తారు. అక్కడే ఇంకొక్క ముక్క వేయండి: కుట్టు బైండింగ్, లేదా గమ్ము బైండింగ్. రెండు మాటలు. ఇదేం వింత కోరిక కాదు, కాగితం విషయంలో ఇలాంటిది ఉండనే ఉంది. ఆమ్లం లేకుండా ఎక్కువ కాలం నిలిచే కాగితానికి 1994లో ఐఎస్ఓ 9706 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, ఆ కాగితం వాడినవాళ్లు సున్నాలో అనంతం గుర్తు వేసుకోవచ్చు, కొన్ని పుస్తకాల్లో మీరూ చూసే ఉంటారు. కాగితం అనంతం, గమ్ము పదేళ్లు అయితే ఏం ప్రయోజనం?

కుట్టు ఖర్చు ఎక్కువ, పుస్తకం అమ్మలేం అంటారు. ఒప్పుకుంటా. అందరూ కుట్టమనట్లేదు కదా, చెప్పమంటున్నా. గమ్ము అని తెలిసే కొంటే నాకు ఫిర్యాదే లేదు, దాన్ని ఎలా తెరవాలో, ఎక్కడ పెట్టాలో నేను చూసుకుంటా. ఇంకొకటి, గమ్మే వేసేటట్టయితే లోపలి మార్జిన్ కొంచెం ఎక్కువ వదలండి. కాగితం మిగుల్చుకుందామని అక్షరాల్ని వెన్ను దాకా నెట్టేస్తున్నారు, రేపు ఊడినప్పుడు మళ్లీ కట్టాలంటే చోటుండదు. మడతలు పోయిన పుస్తకాన్ని కూడా బాగు చేయొచ్చు, కాగితాల దొంతరని ఒక పక్కకి విసనకర్రలా వంచి గమ్ము రాసి, మళ్లీ రెండో పక్కకి వంచి రాస్తే ప్రతి కాగితానికీ అంచు మీదే కాకుండా పక్కన కూడా సన్నటి గీతంత గమ్ము దొరుకుద్ది, జర్మనీలో లుంబెక్ అనే ఆయన 1930ల్లో ఈ పద్ధతి తెచ్చాడు, ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. దానికైనా మార్జిన్ ఉండాలి.

సమీక్షలు రాసేవాళ్లకి కూడా ఒక విన్నపం. పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు పైనుంచి వెన్ను వైపు చూడండి, చిన్న చిన్న మడతల వరస కనపడితే ఫారాలు ఉన్నట్టు. అంతటితో నమ్మేయకండి, మడతలకి గాట్లు పెట్టి అందులోకి గమ్ము ఎక్కించే పద్ధతి ఇంకొకటుంది, పైనుంచి అచ్చం కుట్టినదానిలానే ఉంటుంది. ఫారం మధ్య పేజీ దాకా తిప్పి మడతలో దారం ఉందో లేదో చూడాలి, 16 పేజీల ఫారమైతే 8, 9 పేజీల మధ్య. దారం కనపడితే ఒక్క వాక్యం రాయండి, కనపడకపోతే అదీ రాయండి. అరనిమిషం పని.

నాన్న నిఘంటువు ఇప్పుడు బల్ల మీద పెడితే ఏ పేజీ దగ్గరైనా చక్కగా పరుచుకుని అలాగే ఉంటుంది, చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు. కోసేసిన అంచుల్ని మాత్రం ఏ కుట్టూ తేలేదు. ఒకచోట నాన్న "ఈ అర్థం సరికాదు, చూ." అని రాశారు. దేన్ని చూడమన్నారో ఆ ముక్క కట్టింగ్ మిషన్ కింద చెత్తలోకి పోయింది. దాని ముందు వెనక పేజీలన్నీ వెతికా, ఇంకా దొరకలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు

తా.క.: ఊడిన పేజీలకి దయచేసి సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకి టేపు ఊడిపోద్ది, దాని జిగురు మాత్రం పసుపు మరకై కాగితంలోకి దిగి ఉండిపోద్ది. బాగు చేయించే దాకా ఊడినవాటిని వరసలో పెట్టి, పుస్తకం చుట్టూ వెడల్పాటి గుడ్డ నాడాతో వదులుగా కట్టి ఉంచండి. రబ్బరు బ్యాండు కూడా వద్దు, అది అంచుల్ని కోసేస్తుంది.